బొటనవేలితో నొక్కే ముందు

(ఒక నిరంతర విద్యా కేంద్రంలో, సాయంత్రం సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు నేను పాఠం చెప్పడానికి రాలేదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి వచ్చాను. ఆ ప్రశ్న నాది కాదు. మన కేంద్రంలోనే అక్షరాలు దిద్దిన ఒక పెద్దమ్మది. ఆమె ఇప్పుడు ముందు వరసలోనే కూర్చుని ఉంది. తన పేరు చెప్పొద్దంది. అందుకే చెప్పను.

పోయిన నెల ఏం జరిగిందో వినండి.

పెద్దమ్మకు కొడుకు కొత్త ఫోను కొనిచ్చాడు. పాత పాటలు వినాలని ఆమె కోరిక. పాటల యాప్ వేసి పెట్టమని నా దగ్గరకు వచ్చింది. నేను వేస్తున్నాను. మధ్యలో తెర నిండా అక్షరాలు వచ్చాయి. తెలుగు అక్షరాలే. పైన ‘నిబంధనలు, షరతులు’ అని ఉంది. కింద రంగు గడిలో ‘అంగీకరిస్తున్నాను’ అని ఉంది. నేను దాన్ని నొక్కబోయాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్లజోడు పెట్టుకుంది. మన కేంద్రంలో నేర్చుకున్నట్టే వేలు పెట్టి చదవబోయింది. “ఇం... దు... మూ... ల... ము... గా...” అంది. వేలు తగలగానే తెర మీద అక్షరాలు పైకి పరుగెత్తాయి. మళ్లీ కిందికి లాగింది. మళ్లీ పరుగెత్తాయి.

నాకు నవ్వొచ్చింది. “పెద్దమ్మా, అది ఎవరూ చదవరు. కింద నొక్కెయ్యి, చాలు” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “ఎవరూ చదవనిదాన్ని ఎందుకు రాశారమ్మాయ్? చదవకుండా నొక్కేదానికి మాకు చదువెందుకు చెప్పావు?” అని అడిగింది.

నేను నోరెత్తలేకపోయాను. చదువు చెప్పినదాన్ని నేను. చదవొద్దన్నదాన్నీ నేనే! అందుకే ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. దొరికినంత మీకు చెబుతాను.

వేలిముద్ర కథ

పెద్దమ్మ అలా అడగడానికి కారణం ఉంది. అది ఆమే నాకు చెప్పింది.

చాలా ఏళ్ల కిందట కరువు వచ్చిన సంవత్సరం. ఇంట్లో గింజలు లేవు. ఊళ్లో ఒకాయన దగ్గర 2 వేలు అప్పు తెచ్చారు. ఆయన ప్రోనోటు కాగితం తీశాడు. “ఇక్కడ వేలు వెయ్యి” అన్నాడు. ఆమె వేసింది. కాగితం చివర ‘చదివి వినిపించగా విని ఒప్పుకొని వేలిముద్ర వేశాను’ అని రాసి ఉంది. నిజానికి ఎవరూ చదవలేదు. ఎవరూ వినిపించలేదు. తర్వాత చూస్తే రెండు పక్కన మూడు సున్నాలు కాదు, నాలుగు సున్నాలు ఉన్నాయి. 2 వేలు 20 వేలయ్యాయి. నాలుగేళ్లు ఆ ఇంటి వాళ్లందరూ ఆ ఒక్క సున్నాకు చాకిరీ చేశారు.

అందుకే ఆమె 50 ఏళ్లు దాటాక పలక పట్టింది. “ఇంకోసారి చదవకుండా వేలు వెయ్యను” అని ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఫోను తెర మీద మనం దేనితో నొక్కుతాం? బొటనవేలితోనే. సిరా లేదు, కాగితం లేదు. కానీ అది కూడా వేలిముద్రే! చదువురానివాళ్లే కాదు, కోట్ల మంది చదువుకున్నవాళ్లు రోజూ వేస్తున్న వేలిముద్ర.

చదువుకున్నవాళ్లు చదువుతున్నారా?

లేదు. మన ఊళ్లోనే కాదు, చాలా దేశాల్లో ఇదే కథ.

2016లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. ఇద్దరు పరిశోధకులు లేని కంపెనీ పేరుతో ఒక వెబ్‌సైటు ఉన్నట్టు చూపించారు. 543 మంది కాలేజీ విద్యార్థులను అందులో చేరమన్నారు. షరతుల్లో ఒక మాట రాసి పెట్టారు. ‘ఇందులో చేరినందుకు రుసుముగా మీ తొలి బిడ్డను మాకు ఇవ్వాలి’ అని! నూటికి 98 మంది ఆ మాట గమనించనే లేదు. ఆ షరతులు చదవాలంటే కనీసం 15 నిమిషాలు పడుతుంది. తెరిచినవాళ్లు సగటున అందులో గడిపింది 51 సెకన్లు.

2017లో ఇంకో పరీక్ష జరిగింది. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరానికి చెందిన ఒక కంపెనీ ఉచితంగా వైఫై ఇచ్చింది. ‘ఇది వాడుకున్నందుకు 1,000 గంటలు ఊరి పని చేస్తాం. మరుగుదొడ్లు కడుగుతాం’ అని షరతుల్లో రాసింది. రెండు వారాల్లో 22 వేల మంది ‘సరే’ అని నొక్కారు. ‘ఇదేమిటి?’ అని గుర్తుపట్టింది ఒక్కరే. కంపెనీ వాళ్లు తమాషాకే రాశారు కాబట్టి ఎవరి చేతా కడిగించలేదు.

సరే, చెడ్డమాట ఉంటే చదవలేదు. మంచిమాట ఉంటే? అదీ చూశారు. 2005లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన షరతుల మధ్యలో ‘ఇది చదివి మాకు ఉత్తరం రాసినవారికి బహుమానం ఇస్తాం’ అని రాసింది. నాలుగు నెలలు గడిచాయి. 3 వేల మందికి పైగా ఆ సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. ఉత్తరం రాసింది ఒక్క మనిషి. ఆ మనిషికి 1,000 డాలర్లు ఇచ్చారు.

చూశారా? తిట్టు రాసినా చదవరు, డబ్బు రాసినా చదవరు. వీళ్లెవరూ చదువురానివాళ్లు కాదు. మరి ఎందుకు చదవరు?

ఎందుకు చదవరు?

బద్ధకం అని తేలిగ్గా అనేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. బద్ధకం ఉంది, లేదనను. కానీ అసలు కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది, పొడవు. 2008లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక లెక్క వేశారు. మన వివరాలు తీసుకుని ఏం చేస్తారో చెప్పే షరతులు ప్రతి వెబ్‌సైటులోనూ ఉంటాయి. ఒక మనిషి ఏడాదిలో చూసే వెబ్‌సైట్లన్నిటి షరతులూ చదవాలంటే 200 గంటలు పడుతుందని తేల్చారు. రోజుకు 8 గంటల లెక్కన 25 రోజుల పని! మనకు 25 రోజుల కూలి ఎవరిస్తారు? అది కూడా 2008 నాటి మాట. అప్పటికి మన చేతుల్లోకి ఇన్ని యాప్‌లు రాలేదు.

2016లో నార్వే దేశంలో వినియోగదారుల మండలి వాళ్లు ఇంకో పని చేశారు. అక్కడ ఒక మనిషి ఫోన్లో మామూలుగా ఉండే 33 యాప్‌ల షరతులు తీసుకున్నారు. వాటిని జనం ముందు పైకి చదివి వినిపించారు. ఒకరి తర్వాత ఒకరు చదివారు. పూర్తి కావడానికి 30 గంటలు దాటింది. మన ఊళ్లో ఏడు రాత్రుల హరికథ కూడా అంత పొడవుండదు.

రెండోది, భాష. ఎక్కువ షరతులు ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగులో ఉన్నా అది మనం మాట్లాడే తెలుగు కాదు. ‘ఇందుమూలముగా’, ‘పైన పేర్కొనబడిన’, ‘పరిమితం కాకుండా’. పెద్దమ్మ మొదటి మాట దగ్గరే ఆగింది. నేను నాలుగో వరస దగ్గర ఆగాను. తేడా అంతే! అవి లాయర్లు లాయర్ల కోసం రాసినవి. రేపు కోర్టులో కంపెనీని కాపాడడానికి రాసినవి. మనకు అర్థం కావాలని రాసినవి కావు.

మూడోది, సమయం. షరతులు ఎప్పుడు చూపిస్తారు? మనకు తొందర ఉన్నప్పుడు. బస్సు టిక్కెట్టు కావాలి, వెనక వరసలో జనం ఉన్నారు. పిల్లకు పరీక్ష ఫలితం చూడాలి, గుండె దడదడలాడుతోంది. అప్పు కావాలి, ఆస్పత్రిలో మనిషి ఉన్నాడు. అప్పుడు వస్తుంది ఆ పేజీ. ఆకలితో అన్నం ముందు కూర్చున్నవాణ్ణి ‘ముందు ఈ పుస్తకం చదువు’ అంటే చదువుతాడా?

నాలుగోది, గడి. ‘అంగీకరిస్తున్నాను’ అనే గడి పెద్దది. పచ్చగానో నీలంగానో మెరుస్తూ ఉంటుంది. ‘వద్దు’ అనేది చిన్న అక్షరాల్లో, బూడిద రంగులో, మూలన ఉంటుంది. ఒక్కోసారి అసలే ఉండదు. వేలు ఎటు పోతుంది? మన వేలు ఎటు పోవాలో ముందే ఆలోచించి పెట్టారు.

ఐదోది, ‘అందరూ నొక్కారు కదా’ అనే ధైర్యం. ఇన్ని కోట్ల మంది నొక్కితే ఏమీ కాలేదు, నాకేమవుతుంది అనుకుంటాం. అందరూ దాటిన వాగే కదా అని మనమూ దిగుతాం. లోతు ఎవరూ చూడలేదని మాత్రం గుర్తుండదు.

ఆరోది అన్నిటికన్నా పెద్దది. జాగ్రత్తగా వినండి. చదివి ఏం చేస్తాం?

సంతలో వంకాయలు కొంటాం. కిలో 40 అంటాడు. మనం 30 అంటాం. పుచ్చులు ఏరి పక్కన పెడతాం. బేరం కుదరకపోతే పక్క గంపకు పోతాం. అక్కడ చూడడానికి ఒక లాభం ఉంది. చూస్తే మార్చగలం. యాప్ షరతుల్లో బేరం లేదు. ‘పదో షరతు తీసెయ్, మిగతావి ఒప్పుకుంటాను’ అనడానికి అవతల మనిషే లేడు. ఒప్పుకుంటే లోపలికి రా, లేకపోతే పో. పక్క గంపలో కూడా అవే పుచ్చు వంకాయలు. అలాంటప్పుడు 30 పేజీలు చదివేదెవరు?

అందుకే జనం చదవరు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాబట్టి కాదు. చదివినా చదవకపోయినా ఒకటే అని వాళ్ల అనుభవం చెప్పింది కాబట్టి.

చదవకపోతే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ ఎప్పుడో ఒకసారి అవుతుంది. అయినప్పుడు గట్టిగా అవుతుంది.

ముందు నా సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట సినిమాలు చూసే ఒక యాప్ వేసుకున్నాను. ‘మొదటి నెల ఉచితం’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. నొక్కాను. ఒక సినిమా చూశాను. మరిచిపోయాను. ఏడు నెలల తర్వాత బ్యాంకు పుస్తకం చూస్తే నెలకు 149 రూపాయల చొప్పున పోతోంది. ఆరు నెలలకు 894 రూపాయలు. మోసం అని అరిచాను. తీరా చూస్తే షరతుల్లో రాసే ఉంది. ‘మొదటి నెల తర్వాత ప్రతి నెలా డబ్బు దానంతటదే కట్ అవుతుంది’ అని. దీన్ని ఆటోపే అంటారు. డబ్బు పోయే ముందు రోజు ఫోనుకు మెసేజి కూడా వచ్చింది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కనీసం 24 గంటల ముందు చెప్పాలి. చెప్పారు. ఆ మెసేజీ కూడా నేను చదవలేదు! పదిమందికి అక్షరాలు నేర్పినదాన్ని.

రెండోది పుస్తకాల సంగతి. అమెరికాలో అమెజాన్ కంపెనీ కిండిల్ అనే పలకలాంటిది అమ్ముతుంది. అందులో పుస్తకాలు కొని చదువుకోవచ్చు. 2009 జూలైలో కొందరు పాఠకులు పలక తెరిచి చూస్తే కొన్న పుస్తకం మాయమైంది. జార్జ్ ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ అనే పుస్తకాలవి. అమ్మినవాళ్లకు అమ్మే హక్కు లేదని తెలిసి కంపెనీ దూరం నుంచే వాటిని తీసేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది. మనం డబ్బిచ్చి పుస్తకం కొంటే అది మనది. దుకాణందారు అర్ధరాత్రి మన అలమర తెరిచి పుస్తకం పట్టుకుపోగలడా? ఇక్కడ పట్టుకుపోయాడు. ఎందుకంటే ఇలాంటి చోట మనం కొనేది వస్తువును కాదు. వాడుకునే అనుమతిని. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఇల్లు కొన్నాం అనుకుంటాం. నిజానికి అద్దెకు దిగాం.

మూడోది ఇంకా కష్టమైనది. 2023లో అమెరికాలో ఒక మహిళ డిస్నీ కంపెనీ స్థలంలో ఉన్న ఒక హోటల్లో భోజనం చేసింది. ఆ రాత్రే చనిపోయింది. తనకు పడని పదార్థం తిండిలో కలిసిందని భర్త కోర్టుకు వెళ్లాడు. అప్పుడు కంపెనీ లాయర్లు ఏమన్నారో తెలుసా? ‘నువ్వు 2019లో మా సినిమాల యాప్‌ను ఒక నెల చూడడానికి తీసుకున్నావు. మాతో తగాదా వస్తే కోర్టుకు రానని అప్పుడే ఒప్పుకున్నావు’ అన్నారు. ఐదేళ్ల కిందట సినిమా కోసం నొక్కిన వేలు, భార్య చావు కేసుకు అడ్డం వచ్చింది! జనం ఛీ కొట్టారు. 2024 ఆగస్టులో కంపెనీ ఆ వాదన వదులుకుంది. జనం ఛీ కొట్టకపోతే?

నాలుగోది మన దగ్గరిదే. ఫోన్లో అప్పులిచ్చే యాప్‌లు. ‘ఐదు నిమిషాల్లో డబ్బు’ అంటాయి. అవి వేసుకునేటప్పుడు ఫోన్లోని నంబర్లన్నీ చూడడానికి, ఫొటోలు చూడడానికి అనుమతి అడుగుతాయి. అవసరంలో ఉన్న మనిషి అన్నిటికీ ‘సరే’ అంటుంది. వాయిదా ఒక్క రోజు దాటితే చాలు. చుట్టాలకు, పనిచేసే చోట యజమానికి, పిల్లల టీచరుకు ఫోన్లు వెళతాయి. ‘ఈమె దొంగ’ అంటారు. ఫొటోలు మార్చి పంపుతారు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇలాంటి యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. పెద్దమ్మ ప్రోనోటు మీద ఒక సున్నాయే పెరిగింది. ఇక్కడ మనిషి పరువే తాకట్టు.

చట్టం ఏమంటుంది?

ఇది కొంచెం గట్టి విషయం. నెమ్మదిగా చెబుతాను.

పాత చట్టం మాట ఒకటుంది. సంతకం పెట్టావా? అయితే కట్టుబడు. 1934లో ఇంగ్లండు కోర్టు ఒక తీర్పు చెప్పింది. ఒకామె తన కాఫీ హోటలుకు సిగరెట్లు అమ్మే యంత్రం కొన్నది. ముదురు గోధుమ రంగు కాగితం మీద చాలా చిన్న అక్షరాల్లో షరతులు ఉన్నాయి. చదవకుండా సంతకం పెట్టింది. యంత్రం త్వరలోనే చెడిపోయింది. కోర్టుకు వెళితే, ‘చదవకపోయినా సంతకం పెట్టావు కదా’ అని ఆమె ఓడిపోయింది.

చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించుకుంటే, ‘ఆమెకు చదివి చెప్పారా?’ అని కోర్టులు అడుగుతూ వచ్చాయి. చదువు వచ్చినవాళ్లను ‘నువ్వెందుకు చదవలేదు?’ అని అడుగుతారు. అక్కలారా, ఈ మాట గుర్తు పెట్టుకోండి. చదువు వచ్చాక మనకు గౌరవం వచ్చింది. దానితోపాటు బాధ్యత కూడా వచ్చింది.

కానీ చట్టం అక్కడే ఆగిపోలేదు. 1986లో మన సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. ఒక ప్రభుత్వ కంపెనీకి, దానిలో పనిచేసే ఉద్యోగికి మధ్య వచ్చిన కేసు అది. ఒకవైపు బలవంతుడు, ఒకవైపు బలహీనుడు ఉన్నప్పుడు, బలహీనుడికి వేరే దారి లేక ఒప్పుకున్న అన్యాయమైన షరతు చెల్లదని చెప్పింది. అంటే ‘వేలు వేశావు కదా’ అన్నంత మాత్రాన ప్రతి షరతూ న్యాయం అయిపోదు.

2019 వినియోగదారుల చట్టంలో కూడా ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాట చేరింది. కొన్నవాడి మీద మోయలేని భారం వేసే ఒప్పందాల మీద వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు తెచ్చింది. ఒప్పుకుంటేనే వాడుకోవాలంది. దీని మీద మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ విచారణ చేసింది. ‘ఒప్పుకో లేదా వెళ్లిపో అనడం అన్యాయం’ అని 2024 నవంబరులో దాని యజమాని కంపెనీ మెటాకు 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలబెట్టింది.

ఇంకో కొత్త చట్టం 2023లో వచ్చింది. మన సొంత వివరాలను కాపాడే చట్టం అది. మన వివరాలు తీసుకునేవాళ్లు ఏం తీసుకుంటారో, ఎందుకు తీసుకుంటారో తేలిక మాటల్లో చెప్పాలి. ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో మనం కోరిన భాషలోనో చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు కూడా ఉంది. ఒప్పుకోవడం ఎంత తేలికో, ‘ఇక వద్దు’ అనడం కూడా అంత తేలికగా ఉండాలి. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అవి దశలవారీగా, 2027 నాటికి పూర్తిగా అమలు కావాలి.

అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు చెప్పింది కూడా వినండి. బ్యాంకుల తరఫున, ఫైనాన్సు కంపెనీల తరఫున అప్పులిచ్చే యాప్‌లు మన ఫోన్లోని నంబర్లు, ఫొటోలు, ఎవరెవరితో మాట్లాడామో ఆ జాబితా చూడకూడదు. ఇది 2022 నుంచి ఉన్న నియమం. 2024 అక్టోబరు నుంచి ఇంకొకటి వచ్చింది. అప్పు ఇచ్చే ముందు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో రాయాలి. అందులో లేని ఫీజు మనం ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు. పెద్దమ్మకు ఆ రోజు ఇలాంటి పత్రం ఇచ్చి ఉంటే ఆ సున్నా పెరిగేది కాదు.

మరి మనం ఏం చేయాలి?

‘ప్రతి షరతూ మొదటి నుంచి చివరి దాకా చదవండి’ అని నేను చెప్పను. చెబితే అది అబద్ధం. నేనే చదవలేను. కానీ పొలమంతా తవ్వకపోయినా నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడగలం కదా! అలాగే ఐదు చోట్ల చూస్తే చాలావరకు సరిపోతుంది.

ఒకటి, డబ్బు. ఇప్పుడు ఎంత? తర్వాత ఎంత? దానంతటదే కట్ అవుతుందా? ‘ఉచితం’ అన్న మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటే, ఆ నక్షత్రం ఎక్కడికి దారి చూపిస్తుందో అక్కడికి వెళ్లి చదవండి.

రెండు, అనుమతులు. పాటల యాప్‌కు మన చుట్టాల నంబర్లు ఎందుకు? టార్చిలైటుకు మనం ఎక్కడున్నామో ఎందుకు? ‘అనుమతించవద్దు’ అని నొక్కి చూడండి. చాలాసార్లు యాప్ బాగానే పనిచేస్తుంది. పనిచేయకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

మూడు, బయటికి వచ్చే దారి. మానుకోవాలంటే ఎలా? లోపలికి వెళ్లే తలుపు కనిపించి, బయటికి వచ్చే తలుపు కనిపించకపోతే అది ఎలుకల బోను.

నాలుగు, తగాదా వస్తే ఎవరికి చెప్పాలి? ఫోను నంబరు, చిరునామా ఉన్నాయా? లేకపోతే ఆ వాకిట్లో అడుగు పెట్టొద్దు.

ఐదు, అప్పు అయితే ముఖ్య వివరాల పత్రం. అది ఇవ్వనివాడి దగ్గర అప్పు వద్దు. అప్పు తీసుకున్నాక మనసు మారితే కనీసం ఒక రోజు గడువు ఉంటుంది. ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడవచ్చు.

ఇంకో మాట. ఒంటరిగా చదవకండి. మన పొదుపు సంఘం తీర్మానం ఎలా రాస్తాం? ఒకరు రాస్తారు, ఒకరు పైకి చదువుతారు, పదిమంది వింటారు, తర్వాత సంతకాలు. ఇదీ అంతే. సంఘంలో పదిమందీ ఒకే యాప్ వాడుతున్నప్పుడు పదిమందీ విడివిడిగా ఎందుకు చదవాలి? ఒకరు చదివితే అందరికీ తెలుస్తుంది. నార్వే వాళ్లు చేసింది ఇదే. వాళ్లు ఊరికే చదివి ఊరుకోలేదు. పరుగు లెక్కపెట్టే ఒక యాప్ మీద ఫిర్యాదు కూడా చేశారు. ఆ కంపెనీ తప్పు ఒప్పుకుని యాప్‌ను సరిచేసింది. ఒక్కరు చదివితే బేరం లేదు. పదిమంది కలిసి చదివితే బేరం మొదలవుతుంది.

నష్టం జరిగిపోతే ఊరికే కూర్చోవద్దు. సిగ్గుపడి దాచుకోవద్దు. వస్తువు, సేవ గురించి ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైను 1915. ఫోను ద్వారా డబ్బు మోసం జరిగితే 1930. వెంటనే చెయ్యాలి. ఎంత ఆలస్యం చేస్తే డబ్బు అంత దూరం పోతుంది. ఈ రెండు నంబర్లూ ఇంటికి వెళ్లాక గోడ మీద రాసుకోండి. మన చేత్తో మనమే రాసుకోవాలి.

పెద్దమ్మకు నా జవాబు

చివరికి పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం.

ఆ రోజు మేము ‘అంగీకరిస్తున్నాను’ నొక్కలేదు. ఇద్దరం రెండు సాయంత్రాలు కూర్చున్నాం. నేను చదివాను, ఆమె విన్నది. కొంత ఆమె చదివింది, నేను విన్నాను. చాలా మాటలు నాకూ అర్థం కాలేదు. కానీ రెండు దొరికాయి. మన ఫోను నంబరు, మనం వినే పాటల వివరాలు వాళ్ల వ్యాపార భాగస్వాములకు ఇస్తారట. ఫోన్లోని నంబర్లన్నీ చూడడానికి అనుమతి అడుగుతారట.

“నేను పాటలు వింటే నా చుట్టాల నంబర్లు వాళ్లకెందుకు?” అంది పెద్దమ్మ. దానికి ‘అనుమతించవద్దు’ అని నొక్కింది. వేలు వణకలేదు. యాప్ తెరుచుకుంది. పాట వచ్చింది.

వివరాలు భాగస్వాములకు ఇవ్వడం మాత్రం ఆపలేకపోయాం. దానికి అక్కడ గడి లేదు. “ఇది వాళ్లే రాసుకున్న ప్రోనోటు” అంది ఆమె. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నిజమే. చదవగానే అన్నీ మన చేతిలోకి రావు. కానీ చదివాం కాబట్టే ఏది మన చేతిలో ఉందో, ఏది లేదో తెలిసింది. లేనిదాని కోసం అడగాలని కూడా తెలిసింది.

“ఎవరూ చదవనిదాన్ని ఎందుకు రాశారు?” అని అడిగావు కదా పెద్దమ్మా! ఎవరూ చదవరనే ధైర్యంతో రాశారు. “మాకు చదువెందుకు చెప్పావు?” అని కూడా అడిగావు. ఆ ధైర్యం వాళ్లకు లేకుండా చేయడానికి.

మాట్లాడుకోండి

1. మీ ఫోన్లో ఎన్ని యాప్‌లు ఉన్నాయి? వాటిలో ఏవేవి మీ నంబర్లు చూడడానికి అనుమతి తీసుకున్నాయి? అందరూ కలిసి చూడండి.
2. మీ బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా దానంతటదే కట్ అయ్యే డబ్బు ఉందా? దేనికి?
3. చదవకుండా వేలిముద్ర గాని, సంతకం గాని పెట్టి నష్టపోయినవారు మీ ఊళ్లో ఉన్నారా? వారి అనుభవం అడిగి నాలుగు వాక్యాలు రాయండి.
4. మీ సంఘంలో అందరూ వాడే ఒక యాప్ షరతులు తీసుకోండి. ఒకరు చదవండి, అందరూ వినండి. అర్థం కాని మాటలు పలక మీద రాయండి.